రెండు విమానాలు వదిలేసి వెళ్లిన మనిషి కోసం ధర్మవరం దాకా

ఈసారి నేను క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. లేపాక్షి ఫొటోలు ఉంటాయనుకుని వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోయినా నాకేం కోపం లేదు. బెంగళూరు నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒక్క పగట్లో చుట్టి ఎలా రావచ్చో మాత్రం ఇందులో ఉంది. రైళ్లు, బస్సులు, తిండి, ఖర్చు అన్నీ రాస్తాను, అలవాటు ఎక్కడికి పోతుంది. కానీ ముందు అసలు ఎందుకు వెళ్లానో చెప్పాలి.

బెంగళూరులో ఒక విమాన సంస్థలో ఉద్యోగం నాది. పేరు రాయను, రాస్తే ఆ ఉద్యోగం ఉండదు. కొత్త ఊరికి విమానం నడిపితే గిట్టుబాటు అవుతుందా, ఏ రకం విమానం పెట్టాలి అని లెక్క కట్టి నివేదిక ఇవ్వడం నా పని. ఇప్పుడు చాలా సంస్థలు ఒకే ఆలోచనలో ఉన్నాయి. సముద్రం మీద ఐదారు గంటలు, అంతకన్నా ఎక్కువ ఎగరాల్సిన దారుల్లో రెండు నడవలుండే పెద్ద విమానాన్ని తీసేసి, మధ్యలో ఒకే నడవ ఉండే చిన్న విమానాన్ని పెట్టాలని. పెద్దదాన్ని నింపడం కష్టం. చిన్నది తొందరగా నిండుతుంది, తాగే ఇంధనం తక్కువ. చిక్కల్లా సముద్రంతోనే. నేల మీదైతే ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు దగ్గర్లో ఎక్కడో ఒకచోట దిగొచ్చు. నీళ్ల మీద ఆ వీలు లేదు కాబట్టి అదనంగా ఇంధనం మోసుకెళ్లాలి. వానాకాలంలో ఎదురుగాలి కొడితే ఇంకా ఎక్కువ మోయాలి. చిన్న విమానం మోసే బరువుకి ఒక హద్దుంది. ఇంధనం పెరిగిన రోజున ఇంకేదో దించేయాలి. టికెట్ కొన్న మనుషుల్ని దించరు, వాళ్ల సూట్‌కేసుల్నీ దించరు. విమానం పొట్టలో వేసిన సరుకుని దించుతారు.

హిందూ మహాసముద్రంలో ఒక దీవికి ఇలాంటి చిన్న విమానం పెట్టొచ్చని నివేదిక ఇచ్చింది నేనే. వారానికి మూడు రోజులు: బుధవారం, శుక్రవారం, ఆదివారం. ఏడాదిలో కొన్నాళ్లు సరుకు దించాల్సి వస్తుందని కూడా రాశాను, దాచలేదు. పక్కన "ప్రభావం" అని ఒక గడి ఉంటుంది. అందులో "స్వల్పం" అని రాశాను. సరుకు అన్నదాంట్లో చేపలు, యంత్రాల భాగాలు, బట్టల మూటలతో పాటు శవపేటికలు కూడా వస్తాయని నాకు తెలుసు. తెలిసీ ఆ గడి దగ్గర ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. ఇంత చదువూ చదివి చేసిన తప్పు అది.

పోయిన నెలలో ఫిర్యాదులు చూసే విభాగం నుంచి ఒక కుర్రది వచ్చి, "మేడం, తెలుగులో ఒక ఉత్తరం వచ్చింది, చదివి చెప్తారా" అంది. గళ్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలు. "అయ్యా, మా ఆయన చౌడప్పని పోయినేడు మీ విమానంలో తెచ్చినారు. నేను సంతకం పెట్టిన కాగితం ఒక దినం ఆలస్యంగా పంపినందుకు ఆయన ఆడనే నాలుగు దినాలు ఆగిపోయినాడు. మీకు కూడా ఇబ్బంది పెట్టినాను, మన్నించండి. సంవత్సరీకం వస్తా ఉండాది. ఆ నాలుగు దినాలు ఆయన్ని యాడ పెట్టింటిరో చెప్పగలరా." కింద నాగరత్న అని సంతకం, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ వెనక ఒక చిరునామా. ఫోన్ నంబరు లేదు.

దీవి పేరు చూశాక పాత రికార్డులు తీశాను. ఆమె కాగితం మంగళవారం సాయంత్రమే చేరింది. ఒకరోజు ముందు పంపినా దొరికేది అదే బుధవారం విమానం. అన్నీ సరిగ్గా ఉన్నాయని ముద్ర వేసి పేటికని తీసుకున్నారు. బుధవారం ఎదురుగాలి, బెంగళూరులో పెద్ద వాన. బరువు ఎక్కువైందని దించేశారు. శుక్రవారం మళ్లీ దించేశారు. ఆదివారం ఎక్కించారు. ఆమె తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. పైవాళ్లకి చెప్తే, "నిర్వహణ కారణాల వల్ల ఆలస్యమైంది, చింతిస్తున్నాం" అని ఇంగ్లీషులో రెండు వాక్యాల జవాబు పోస్టు చేసి, చేరిందో లేదో చూడకుండానే ఫైలు మూసేశారు. అదే వారం నా బల్ల మీదకి కొత్త పని వచ్చింది. ఇంకా దూరం, ఇంకా ఎక్కువ సముద్రం, అదే చిన్న విమానం. ఆ నివేదికలో ఒక్క అంకె వేయలేకపోయాను. శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాను.

యశ్వంతపురంలో పొద్దున ఆరున్నర ప్రాంతంలో రైలెక్కితే హిందూపురం దాదాపు రెండు గంటలు. మామూలు టికెట్ వంద రూపాయల లోపే. వేళలు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. గౌరీబిదనూరు దాటాక కిటికీ పక్కన మల్బరీ తోటలు కనబడతాయి. నాకు మాత్రం దారి పొడుగునా ఏమని మొదలుపెట్టాలా అన్నదే ఆలోచన. "నమస్కారమండీ, మీ ఆయన్ని ఆపింది నేనే" అని అంటే ఎలా ఉంటుంది? బ్యాగులో ఆ రికార్డుల నకలు ఉంది. అది బయటికి తేకూడదు, తెచ్చాను.

స్టేషన్ బయట ఆటో అతను నన్ను బెంగళూరు మనిషిగా లెక్కగట్టి "ఎల్లిగే మేడం?" అని కన్నడంలో అడిగాడు, ఎక్కడికని. తెలుగులో జవాబు చెప్తే నవ్వి, "మాకు రెండూ ఒకటేలేమ్మా. గూళ్ల మార్కెట్‌కా? అరవై రూపాయలియ్యి" అన్నాడు. యాభైకి ఒప్పుకున్నాడు. మార్కెట్ పక్కనే ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లిస్తారు. నలభై రూపాయలకి కడుపు నిండుతుంది. మార్కెట్లోకి ఊరికే వెళ్లి చూడొచ్చు, ఎవరూ ఏమనరు. పెద్ద పెద్ద ట్రేల నిండా తెల్లటి, పసుప్పచ్చటి పట్టుగూళ్లు పోసి ఉంటాయి. రైతులు వాటి పక్కనే నిలబడి కొనేవాళ్ల మొహాలు చూస్తుంటారు. లోపల ఒక రకం పచ్చి వాసన, ముక్కుకి అలవాటు కావడానికి కాసేపు పడుతుంది.

వెనక సందులో వరసగా రేకుల గదులు. చిరునామా చూపిస్తే, గడప మీద కూచుని గూళ్లకి అంటిన పీచు తీస్తున్న ఒకావిడ తలెత్తి చూసింది.

"నాగరత్ననా? ఈడ లేదే. నిన్ననే ధర్మవరం పాయ. ఈపొద్దు మొగుని సంవత్సరీకం. నువ్వెవరమ్మా, చుట్టమా?"

"కాదండీ. ఆమె ఒక ఉత్తరం రాసింది. జవాబు తెచ్చాను."

"జవాబొచ్చిందా!" అంటూ ఆవిడ లేచి నిలబడింది. "దినమూ పోస్టాయప్పని అడుగుతాండాది పాపం. గూళ్ల నుంచి పట్టు తీసే రీలింగులో, కాగే నీళ్లల్లో చేతులు పెట్టి పెట్టి వేళ్లు పాసిపోయినాయి, ఆ చేతుల్తోనే కూచోని రాసింది. ఊర్లో ఉండలేక ఈడికొచ్చిందమ్మా. ఆడ అందరూ ఆయమ్మనే అంటారంట, నీవల్లనే ఆగిపోయినాడని."

ఆమె తనని తాను నిందించుకుంటోందని ఉత్తరంలో చదివాను. ఊరు కూడా నిందిస్తోందని అప్పటిదాకా తెలియదు.

హిందూపురం బస్టాండులో ఆ వేళకి ధర్మవరం నేరుగా వెళ్లే బస్సు లేదు. పెనుకొండ దాకా వెళ్లి అక్కడ మారమన్నారు. గంట ప్రయాణం, అరవై రూపాయల లోపు. పదకొండున్నరకి పెనుకొండలో దిగాను. ఊరి మీదకి వంగినట్టు పెద్ద కొండ, పైన కోట. మామూలుగా అయితే ఎక్కేదాన్ని. ఓపికున్నవాళ్లు పొద్దున్నే ఎక్కండి, పైన నీళ్లు దొరకవు, సీసా తీసుకెళ్లండి. కిందున్న గగన్ మహల్ చూడ్డానికి అరగంట చాలు. నేను మాత్రం దాని ముందు నీడలో కూచుని, వెనక్కి వెళ్లిపోతే ఎలా ఉంటుందని ఆలోచించాను. దాచడం ఎందుకు, నిజంగానే ఆలోచించాను. సంవత్సరీకం రోజున, నలుగురూ కూడిన ఇంట్లోకి వెళ్లి ఈ మాట ఎలా చెప్పను? ఒక ఉత్తరం రాసి పడేస్తే పోదా? పిరికితనానికి సాకులు వెతకడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఆకలి వేయకపోయినా బస్టాండు దగ్గర ఒక మెస్‌లోకి వెళ్లాను. రాగి ముద్ద, వేరుసెనగల పచ్చడి లాంటి ఊరిబిండి, ఆకుకూర పప్పు, మజ్జిగ, ఎనభై రూపాయలు. వండి వడ్డించేది ఒకే మనిషి, ఈరమ్మ. నేను కెలుకుతూ కూచోవడం చూసి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ముద్ద తినేది తెలీదా, బాగలేదా?"

"బాగుందండీ. నేనే సరిగ్గా లేను."

"ఏం పని మీద పోతాండావు?"

"ఒకళ్లకి క్షమాపణ చెప్పాలి."

"పెద్ద తప్పా?"

"పెద్దదే."

ఆవిడ గరిటెతో ఇంకాస్త ఊరిబిండి వేసింది. "అట్లయితే కడుపునిండా తిను. వాళ్లు తిడితే నిలబడుకోని ఇనల్ల గదా. కళ్లు తిరిగి పడిపోతే మళ్లా నిన్ను వాళ్లే చూసుకోవల్ల." నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ముద్ద మొత్తం తిని, ఒంటిగంట బస్సెక్కాను.

ధర్మవరం చేరేసరికి రెండున్నర. నేతగాళ్ల వీధులకి ఆటోవాళ్లు ఎవరైనా తీసుకెళ్తారు. చీరలు కొనాలనుకునేవాళ్లు కొట్ల దగ్గర ఆగిపోకుండా లోపలికి నడవండి, నేసే మనిషిని చూసి కొనడంలో వేరే సంతోషం ఉంది. వీధి మొదట్లోకి రాగానే రెండువైపుల ఇళ్లలోంచీ మగ్గాల చప్పుడు వినబడింది. ఒక అరుగు మీద డెబ్బై దాటిన పెద్దాయన కూచుని ఉన్నాడు. చౌడప్ప ఇల్లు అడిగితే, "నేను వాళ్ల పెదనాయన్ని, కుళ్లాయప్ప. నువ్వు యాడి నుంచి వస్తాండావమ్మా?" అన్నాడు. బెంగళూరు నుంచి, విమానాల ఆఫీసు నుంచి అని చెప్పాను. ఆయన లేచి ముందు నడిచాడు.

ఇంట్లో భోజనాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు. ముందుగదిలో గుంట మగ్గం ఖాళీగా ఉంది, పోగు లేదు. నాగరత్న గిన్నెలు కడుగుతూ చేతులు తుడుచుకుని వచ్చింది. నలభై లోపే ఉంటుంది. ఉత్తరం సంగతి చెప్పగానే చాప పరిచి, నీళ్లిచ్చి, నాకెదురుగా నేల మీద కూచుంది.

"పెద్ద మనసుతో వచ్చినారు మేడం. యాడ పెట్టింటిరి ఆయన్ని?"

"విమానాశ్రయంలో చల్లటి గది ఉంటుందండీ. మందులు, పువ్వులు చెడిపోకుండా పెట్టే గది. అందులో ఉంచారు."

"ఎండలో పెట్టలేదు గదా?"

"గదిలోనే. కానీ రెండుసార్లు విమానం దాకా తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తెచ్చారు."

ఆమె మొహం మారిపోయింది. "విమానం దాకా పోయినాడా? మరి కాగితం రాలేదని గదా ఆపింది? ఆయన్ని ఆ దీవికి పనికి పంపించిన ఏజెంటు చెప్పినాడు. ఆయన పోయినాడని ఫోనొచ్చిన దినం నాకు చేయి ఆడలేదు మేడం. సంతకం పెట్టమంటే పెన్ను పట్టుకోలేకపోయినా. మర్సునాడు పెట్టినా. ఆ ఒక్క దినానికే నాలుగు దినాలు..."

నకలు తీసి ఆమె ముందు పెట్టాను. ఎక్కడ ఏముందో వేలితో చూపిస్తూ చెప్పాను. ఇది మీ కాగితం, మంగళవారం చేరింది. ఇది అన్నీ సరిపోయాయన్న ముద్ర. ఇది బుధవారం, బరువు ఎక్కువైందని దించేశారు. ఇది శుక్రవారం, మళ్లీ బరువే. మీరు సోమవారం పంపినా ఇదే జరిగేది. చిన్న విమానం పెడితే ఇలాంటి రోజులు వస్తాయని ముందే తెలుసు. తెలిసి, పరవాలేదు అని రాసిచ్చింది నేను. నా పేరు పద్మజ. మిమ్మల్ని క్షమించమని అడగడానికి వచ్చాను. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. వరస తప్పింది, రైల్లో అనుకున్న మాట ఒక్కటీ రాలేదు.

నాగరత్న ఆ కాగితం వంకే చూస్తూ కూచుంది. ఇంగ్లీషు ఆమెకి రాదు. తేదీల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే మళ్లీ చదివించుకుంది. మూడోసారి చదివాక, "అట్లయితే నేను కాదా?" అంది.

"మీరు కాదు."

"నేను కాదు పెదనాయనా," అని గుమ్మం దగ్గర నిలబడ్డ కుళ్లాయప్పకి చెప్పింది. చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడాదిగా ఆపుకున్న ఏడుపు అది. నేను ఆమెని పట్టుకోవచ్చో లేదో తెలియక, చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

కాసేపటికి తనే చెప్పింది. "మా వీధిలో ఒక ఆనవాయితీ ఉండాదక్కా. పీనుగ ఎత్తేదాకా ఎవురూ మగ్గం ముట్టరు, పొయ్యి ఎలిగించరు. బుధారం వస్తాడన్నారు, అందరూ ఆపినారు. రాల్యా. శుక్రారం అన్నారు, రాల్యా. ముందర శ్రావణం, పెండ్లి చీరలన్నీ మగ్గాల మీదనే ఉండాయి. పిల్లోల్లకి చాటుగా టీ కాచిచ్చుకుంటాండారు. వాళ్లేమీ అనలేదు. నాకే సిగ్గాయ. ఏజెంటు మూడోసారి కూడా వస్తాండాడు అంటే నేను నమ్మల్యా. సోమారం పొద్దున ఇల్లిల్లూ తిరిగి, నేసుకోండి, ఆయనెప్పుడొస్తాడో తెలీదు అని నేనే చెప్పినా. అందరూ మగ్గం గుంటల్లో దిగినారు. గంట కాలేదు, అంబులెన్సు వచ్చె. వీధంతా మగ్గాల చప్పుడే. ఆయన అరుగు మీదికి వచ్చినాక గానీ పక్కింటోళ్లకి కూడా తెలీలేదు. ఎవరికైనా ఎదురొస్తారు గదక్కా, ఆయనకి ఒక్కరూ ఎదురు రాల్యా. పెట్టె తెరవద్దన్నారు. మొగం కూడా చూడకుండానే మట్టి చేసినాము."

"నేతగాడు గదా, ఆ చప్పుడు ఆయనకిష్టమే" అన్నాడు కుళ్లాయప్ప మెల్లగా.

"అందరూ అదే చెప్తారు. నన్ను ఊరుకోబెట్టేదానికి" అంది ఆమె.

ఆయన తల దించుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ పిల్లని మేము అనరాని మాటలు అనినామమ్మా. నేను కూడా అన్నా, సంతకం పెట్టేదానికి కూడా చేతకాలేదే అని. ఈ మాట నువ్వు వచ్చి మా వీధిలో చెప్పల్ల. నేను చెప్తే మా పిల్ల అని చెప్తాండానంటారు" అన్నాడు. ఉద్యోగం గురించి ఒక్క క్షణం గుర్తొచ్చింది. లేచాను.

ఇరవై ఇళ్లకి పైనే తిరిగాం. ప్రతి ఇంట్లో కుళ్లాయప్ప గడప దగ్గర నిలబడి, "రేయ్, ఒక నిమిషం ఆపండ్రా" అనేవాడు. నేసే మనిషి పోగు తోసే నాడె చేతిలోనే పట్టుకుని తలెత్తేవాడు. నేను చెప్పేదాన్ని: చౌడప్ప ఆగిపోయింది కాగితం వల్ల కాదు, నాగరత్న వల్ల కాదు, మా విమానం బరువు మోయలేక రెండుసార్లు దించేసింది, ఆ లెక్క కట్టింది నేను. మొదటి ఇంట్లో తల తీసేసినట్టుంది. నాలుగో ఇంట్లో ఒకావిడ, "చదువుకున్నోళ్లు మీరు, మడిసి అని తెలీదా?" అని గట్టిగానే అడిగింది. తెలుసు, అని ఒప్పుకున్నాను. చెప్పి బయటికి వచ్చాక ఏ ఇంట్లోనూ మగ్గం మళ్లీ మొదలుకాలేదు. మేం చివరి ఇంటికి చేరేసరికి వీధిలో చప్పుడన్నదే లేదు. ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరూ బయటికి వచ్చి అరుగుల మీద నిలబడ్డారు. కొందరు ఆడవాళ్లు వెళ్లి నాగరత్న చేతులు పట్టుకున్నారు. ఆమె వాళ్లని విదిలించుకోలేదు, ఆనుకోనూ లేదు. "ఇప్పుడు ఆపితే ఏమొస్తాది" అని మాత్రం అంది.

వెళ్లే ముందు కుళ్లాయప్ప, ఇంకొకరికి ఇలా జరగకుండా ఏం చేయాలని అడిగాడు. చిన్న విమానం నేరుగా వస్తుందని ఆశపడకుండా, ఇంకో ఊరి మీదుగా చుట్టు తిరిగి వచ్చినా పేటికని పెద్ద విమానంలోనే పంపమని ఏజెంటు దగ్గర ముందే పట్టుబట్టమని చెప్పాను. ఒక పిల్ల నోటుపుస్తకంలో రాసుకుంది.

ధర్మవరం నుంచి సాయంత్రం బెంగళూరుకి రైళ్లు దొరుకుతాయి, నాలుగు గంటల్లోపు ప్రయాణం. శుక్రవారాలు రద్దీ, ముందే సీటు తీసుకోండి. నాగరత్న వద్దన్నా వినకుండా స్టేషన్ దాకా వచ్చింది. బెంచీ మీద నా పక్కనే కూచుంది. క్షమించానని అనలేదు, నేనూ మళ్లీ అడగలేదు. రైలు వచ్చే ముందు ఉన్నట్టుండి అడిగింది.

"పెట్టెతో కలిపి ఎంత బరువున్నాడక్కా ఆయన?"

"నూట నలభై కిలోలు."

"ఎక్కే మడిసికి ఎంతని లెక్కేస్తారు మీరు?"

"సామానుతో కలిపి వంద అనుకుంటాం."

ఆమె లెక్క వేసుకుంది. "అంటే ఇద్దరు."

"అవును. ఇద్దరు దిగి ఉంటే సరిపోయేది."

"అడిగినారా?"

"ఎవర్ని?"

"ఆ ఎక్కినోళ్లనే. ఇట్ల కింద ఒకాయన ఉండాడు, ఇంటికి పోవల్ల, ఇద్దరు దిగి తర్వాత విమానంలో రండి అని. మైకులో అడిగినారా?"

"అడగలేదక్కా. ఎప్పుడూ అడగరు."

ఆమెకి అది నిజంగా అర్థం కాలేదు. నా మొహంలోకి చూస్తూ, "అడిగింటే దిగేవాళ్లు గదక్కా," అంది. "అంతమందిలో ఇద్దరు దిగకుండా పోతారా? జనం అంత చెడ్డోళ్లు కారు. చెప్పకపోతే వాళ్లకెట్ల తెలుస్తాది?"

రైలు వచ్చింది. నేను ఎక్కాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి, నా సీసాలో నీళ్లున్నాయో లేదో చూసి వెళ్లిపోయింది. హిందూపురం దాటేదాకా కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే కూచున్నాను.

సోమవారం కొత్త నివేదికలో "స్వల్పం" అన్న మాట రాయలేదు. బరువు ఎక్కువైన రోజున విమానంలో శవపేటిక ఉంటే, దాన్ని దించేముందు ప్రయాణికుల్లో ఇద్దరు స్వచ్ఛందంగా ఆగగలరేమో అడగాలి అని రాశాను. మా పైఅధికారి దాన్ని రెండుసార్లు చదివి, "కింద శవం ఉందని మైకులో చెప్తావా? భయపడి ఇంకెవరూ మన విమానం ఎక్కరు" అన్నాడు. వాదించాను, ఓడిపోయాను. చివరికి మిగిలిందల్లా ఒక వాక్యం: దించాల్సి వచ్చినప్పుడు పేటికలని అన్నిటికన్నా ఆఖర్న దించాలి. ఏమీ లేని దానికన్నా నయమే. కానీ అడగడం అన్న మాట కొట్టేశారు. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి, గాలి వేగం దగ్గర్నుంచి ఇంధనం ధర దాకా అన్నీ ముందే ఊహించి లెక్క కట్టాను. మనుషులు దిగుతారేమో అన్నది మాత్రం ఏ గడిలోనూ వేయలేదు, ఎందుకంటే దిగరని ఎవరినీ అడక్కుండానే అనుకున్నాను. మొగుడి మొహం ఆఖరిసారి చూసుకోలేకపోయిన మనిషికి జనం మీద నమ్మకం ఉంది. మొహమైనా చూడకుండా అందరినీ కిలోల్లో తూచిన నాకు లేకపోయింది. ఆ ప్రయాణంలో నాకు ఎక్కువ సిగ్గేసింది దీనికే.

ఒక్క సలహా. రేపు మీరు సముద్రం మీదుగా ఇలాంటి చిన్న విమానంలో వస్తుంటే, గేటు దగ్గర బరువు ఎక్కువైందని, సరుకు దించుతున్నారని వినబడితే, కౌంటర్ దగ్గరికి వెళ్లి "ఇవాళ కింద ఎవరినైనా వదిలేసి వెళ్తున్నామా?" అని అడగండి. వాళ్లు మిమ్మల్ని అడగరు. మీరే అడగాలి.